రెండొందల తొంభై

తీసేయబోయే పదకొండు మంది జాబితా ప్యాకింగు బల్ల కింద, ఖాళీ అట్టపెట్టెలో నాకు దొరికింది. అందులో మొదటి నంబరు తొమ్మిది, తొమ్మిదో సీటు మా అమ్మది.

పేర్లు లేవు. మా గొడుగుల ఫ్యాక్టరీలో పేర్లు గేటు దగ్గరే ఆగిపోతాయి, లోపలికి వచ్చేవి నంబర్లే. నాది పన్నెండు. పన్నెండు కూడా ఉందేమోనని పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. లేదు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

జాబితా పైన ఒక్క వాక్యం: "నెలాఖరుకు రోజుకు రెండొందలు అందుకోలేనివారు." నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నడుము దగ్గర దోపుకుని వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను. మూడు సీట్ల అవతల అమ్మ, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఊచ కొనకు ముడి వేస్తోంది.

ఆ ఎండాకాలం మొదట్లో మా ఇంట్లో జీతం తెచ్చేవాళ్ళం ముగ్గురం. వానలు పడేసరికి ఇద్దరం మిగిలాం. తగ్గింది ఎవరో చెప్పాలంటే ముందు గోడ మీది కాగితం సంగతి చెప్పాలి.

*

గొడుగులు కుట్టేవాళ్ళకు ఎండాకాలమే సీజను. ఊరంతా ఎండకు ఉసూరుమంటుంటే మేం వాన కోసం కుడుతుంటాం. సీటుకొక మిషను, ఒక బల్ల, ఒక బుట్ట. ఎనిమిది ముక్కలు మిషను మీద కలిపి కుట్టాలి. ఆ గుడ్డను ఊచల మీద పరిచి, ఎనిమిది కొనలకూ చేత్తో ముళ్ళు వేయాలి. సీటు నంబరున్న బిళ్ళ తగిలించి బుట్టలో పడేయాలి. గొడుగుకు మూడు నిమిషాలు, రోజుకు నూట అరవై. నేను చేరిన పన్నెండేళ్ళుగా లెక్క అదే.

మా ఆయన ఆ హాల్లోనే మెకానిక్కు. కంపెనీకి ఇంకో దేశంలో ఇంకో ఫ్యాక్టరీ ఉంది. అదీ మా లాంటి దేశమే. మాకంటే కాస్త బీదదని మేం అనుకుంటాం. మా గురించి వాళ్ళూ అలాగే అనుకుంటారట. అక్కడ కొత్త మిషన్లు బిగించడానికి ఆయన్ని ఇరవై రోజులు పంపారు. హుషారుగా వెళ్ళాడు. వచ్చేటప్పుడు నాకొక దువ్వెన, అమ్మకొక కళ్ళజోడు పెట్టె తెచ్చాడు. మాటలు మాత్రం అక్కడే మరిచిపోయి వచ్చాడు.

ఆయన వచ్చిన వారానికి గోడ మీద కాగితం వెలిసింది.

అంటించింది మా మేనేజరు. ఎంత ఉక్కపోతలోనూ చొక్కా మడత నలగదు కాబట్టి ఆయన వెనక అందరం ఇస్త్రీ సార్ అంటాం. కాగితంలో రెండు గళ్ళు: అక్కడ, ఇక్కడ. జీతం అక్కడ మాదాంట్లో ముప్పావు వంతు. పని గంటలు అక్కడ తొమ్మిది, ఇక్కడ ఎనిమిది. టీకి అక్కడ ఒకసారి, ఇక్కడ రెండుసార్లు. అన్నిటికంటే కింద, ఎర్ర సిరాతో: ఒక్క మనిషి రోజుకు కుట్టే గొడుగులు. అక్కడ రెండొందల తొంభై, ఇక్కడ నూట అరవై.

కాగితం పైన కొక్కేనికి అక్కడి నుంచి వచ్చిన నీలం గొడుగు ఒకటి తెరిచి వేలాడదీశారు. దాని బిళ్ళ మీద నలభై ఒకటి అని ఉంది.

"నేనేమీ అనను. మీరే చదువుకోండి," అన్నాడు ఇస్త్రీ సార్, చేతులు వెనక్కి కట్టుకుని. "అక్కడ చవగ్గా అవుతున్న పనిని ఇక్కడ ఎందుకు చేయించుకోవాలో ఒక్క కారణం చెప్పండి. పైవాళ్ళకు రాసి పంపుతాను."

పదో సీటావిడ నా వైపు వంగింది. నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి ఆవిడ పేరు రేడియో.

"రెండొందల తొంభయ్యా! దానికేమైనా నాలుగు చేతులున్నాయటే?"

"నాలుగు చేతులుంటే నోళ్ళు కూడా రెండుంటాయి," అంది అమ్మ, ముడి మీంచి చూపు తిప్పకుండా. "జీతం మాత్రం ఒకటే. పాపం."

హాలంతా గొల్లున నవ్వింది. మా ఆయన మూల మిషను కింద బెల్టు బిగిస్తున్నాడు. ఆయన నవ్వలేదు. బెల్టు గట్టిగా ఉందేమో అనుకున్నాను.

ముక్కూమొహం తెలియని ఆ మనిషికి ఆ రోజు నుంచి 'రెండొందల తొంభై' అన్న పేరు స్థిరపడింది. ఎవరైనా నీళ్ళకు లేస్తే, "రెండొందల తొంభై లేస్తుందటే?" అనేవాళ్ళు. ఎవరికైనా తుమ్ము వస్తే, "రెండొందల తొంభై ఆదివారమే తుమ్ముతుంది" అనేవాళ్ళు. మొదటి వారం అది వేళాకోళం.

*

ఆ సాయంత్రం అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ అల్లుణ్ణి నిలేసింది.

"ముప్పావు జీతం అంటే ఎంత బాబూ?"

మా ఆయన మన డబ్బుల్లోకి మార్చి చెప్పాడు.

"అంకె చెబితే నాకేం తెలుస్తుంది? అక్కడ ఉల్లిపాయలు ఎంత?"

"మన రేటే అత్తయ్యా. పిసరు తక్కువ."

"ఇంటద్దె?"

"ఒక్కో గదిలో ఐదారుగురు ఉంటారు. అందుకని తక్కువ పడుతుంది."

"దాన్ని తక్కువ అనరు నాయనా, ఇరుకు అంటారు." కత్తిపీట పక్కకు జరిపింది. "పోనీ, నేను కుట్టిన గొడుగు నేనే దుకాణంలో కొనుక్కోవాలంటే ఎన్ని కుట్టాలి?"

నేను లెక్కేశాను. "అరవై."

"మరి వాళ్ళు?"

మా ఆయన వేళ్ళు మడవబోయి ఆగాడు. "అక్కడ సీటుకింత అని లెక్కుండదు. వరుసకింత. పది సీట్లు ఒక వరుస. వరుస మొత్తం లెక్క నిండితే పదిమందికీ నిండు జీతం. నిండకపోతే పదిమందికీ కోత."

"అయితే అందరూ వరుస కలుపుకున్నట్టే," అని నవ్వింది అమ్మ. "తాగడానికి నీళ్ళిస్తారా?"

"చల్లటి నీళ్ళ మిషను ఉంది. మనకు లేదు. కానీ బాత్రూముకు వెళ్ళాలంటే మెడలో చెక్కబిళ్ళ వేసుకుని వెళ్ళాలి. వరుసకు ఒక్కటే బిళ్ళ."

"నీళ్ళిచ్చి బిళ్ళ దాచారన్నమాట. మనకు బిళ్ళా లేదు, నీళ్ళూ లేవు. చెల్లుకు చెల్లు." ఆమె తల ఎత్తింది. "మరి ఆ రెండొందల తొంభైని చూశావా? ఎలా ఉంటుంది?"

మా ఆయన లేచాడు. "మామూలుగానే ఉంటుంది," అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కంచంలో అన్నం సగం మిగిలిపోయింది.

*

రెండో వారం ఇస్త్రీ సార్ లెక్క పెంచాడు. నూట అరవై కాదు, రెండొందలు. "రెండొందల తొంభై అడిగానా? తొంభై మీకు వదిలేశాను," అన్నాడు, ఏదో దానం చేసినట్టు.

వేళాకోళం ఆగింది. బాత్రూముకు లేవాల్సి వస్తుందని జనం నీళ్ళు తాగడం మానేశారు. దారం ఉండ అయిపోతే పక్క సీటు నుంచి తీసుకునేవాళ్ళం. ఇప్పుడు అడిగితే విననట్టు నటిస్తున్నారు. ఒకరి ముడి వదులుగా ఉంటే ఇంకొకరు చూపించేవాళ్ళు. ఇప్పుడు చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. మూడో వారానికి రేడియో కూడా మూగబోయింది. హాల్లో మిషన్ల మోత ఒక్కటే మిగిలింది.

నాకు రెండొందల రెండు, రెండొందల ఐదు వస్తున్నాయి. అమ్మకు మంచి రోజున నూట యాభై.

జాబితా దొరికిన మర్నాడు, బుధవారం, నేను కట్టిన గొడుగులు ఆరు, బిళ్ళ తగిలించకుండా తీసి అమ్మ బల్ల కింద పెట్టాను. అమ్మ కాలితో వాటిని వెనక్కి నెట్టింది.

"ఏమిటే ఇది?"

"తొమ్మిదో నంబరు బిళ్ళ తగిలించు. మాట్లాడకు."

"నా ముళ్ళకు మూడు చుట్లు, నీవాటికి నాలుగు. చూసేవాడికి కళ్ళు లేవా? పట్టుకుంటే రేపు జాబితాలో ఇద్దరం ఉంటాం."

"జాబితా సంగతి నీకెలా తెలుసు?"

"యాభై ఆరేళ్ళొచ్చాయి. మన పేరు ఎక్కడ రాస్తారో ఎవరైనా చెప్పాలా?" అంది. మళ్ళీ సూది అందుకుంది.

ఆ రోజంతా మా ఆయన అమ్మ మిషను చుట్టూనే తిరిగాడు. నూనె వేశాడు. సూది మార్చాడు. మధ్యాహ్నం భోజనాలకు అందరూ బయటికి వెళితే ఆయన మిషను కిందే ఉండిపోయాడు. అల్లుడికి ఎంత ప్రేమో అనుకున్నాను.

గురువారం పొద్దున్న అమ్మ మిషను గొంతు మారింది.

పన్నెండేళ్ళు ఒక హాల్లో కూర్చుంటే ప్రతి మిషను గొంతూ తెలుస్తుంది. అమ్మది మెల్లగా సణిగే మిషను. అది ఆ పూట కూత పెట్టింది. నేను తల తిప్పేలోపు అమ్మ "అబ్బా" అంది, అంతే, అరవలేదు. సూది చూపుడువేలి గోరులోంచి దిగి విరిగి అందులోనే ఉండిపోయింది. నీలం గుడ్డ మీద రక్తం పెద్దగా కనపడలేదు. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది మా ఆయన. తువ్వాలు తీసి వేలికి చుట్టే తొందరలో ఆయన మొలతాడుకున్న తాళంచెవి జారి నేల మీద పడింది.

"నా తప్పే బాబూ," అంటోంది అమ్మ. "పరధ్యానంలో కాలు గట్టిగా నొక్కాను."

వాళ్ళు చికిత్స గదికి వెళ్ళాక నేను ఆ మిషను పక్క రేకు తీసి చూశాను. మోటారుకు ఉండాల్సిన చిన్న పుల్లీ, బెల్టు తిప్పే చక్రం, లేదు. దాని స్థానంలో పెద్దది, కొత్తది మెరుస్తోంది. పుల్లీ పెద్దదైతే సూది వేగం పెరుగుతుంది. ఆ రేకు తీసింది నేల మీద దొరికిన ఆ తాళంచెవితోనే. అలాంటిది హాలు మొత్తానికి ఒక్కటే ఉంటుంది, మా ఆయన మొలతాడుకు.

ఆయన్ని నేనేమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

*

శనివారం ఇస్త్రీ సార్ నన్ను పిలిచాడు. "సోమవారం పెద్ద సారు వస్తున్నారు. ఆ నీలం గొడుగు దుమ్ము పట్టింది. దించి తుడిచి మళ్ళీ పెట్టు."

స్టూలెక్కి గొడుగు దించాను. గుడ్డ తుడిచాను. ఊచలు తుడిచాను. కొనల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది.

ముడి వేసేటప్పుడు దారాన్ని కొన చుట్టూ తిప్పుతాం. కుడిచేతివాటం వాళ్ళు ఒకవైపు తిప్పుతారు, ఎడమచేతివాటం వాళ్ళు దానికి ఎదురుగా తిప్పుతారు. చూపుకు తెలియదు, వేలికి తెలుస్తుంది. మొదటి నాలుగు ముళ్ళూ కుడికి తిరిగి ఉన్నాయి. తర్వాతి నాలుగూ ఎడమకు.

మళ్ళీ మొదటి నుంచి తడిమాను. నాలుగు, నాలుగు.

ఒక మనిషి సగం గొడుగు కుడిచేత్తో, సగం ఎడమచేత్తో కట్టదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, చెరో సగం కడితేనే అలా వస్తుంది. రేడియో వేళాకోళం అక్షరాలా నిజం. రెండొందల తొంభైకి నాలుగు చేతులున్నాయి.

ఆ అంకె తెచ్చింది మా ఆయనే అయ్యుండాలి. ఇరవై రోజులు అక్కడ ఉన్నవాడు. పుల్లీ మార్చినవాడూ ఆయనే.

గొడుగు మళ్ళీ కొక్కేనికి తగిలించి స్టూలు దిగాను. నా చేతిలో మా అమ్మ సీటు ఉంది. సోమవారం పెద్ద సారు ముందు ఆ ఎనిమిది ముళ్ళూ చూపిస్తే చాలు, గోడ మీది కాగితం చెత్తకాగితమే.

*

ఆదివారం మధ్యాహ్నం అమ్మ తెరకు అవతల పడుకుంది. మా ఆయన గుమ్మంలో కూర్చుని స్టవ్వు బర్నరు విప్పి శుభ్రం చేస్తున్నాడు. పనేమీ లేకపోతే ఏదో ఒకటి విప్పడం ఆయనకు అలవాటు. తాళంచెవి తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

"పుల్లీ ఎందుకు మార్చారు?"

ఆయన దాచలేదు. "రెండొందలు అందుకుంటుందేమోనని."

"నలభై ఒకటో సీట్లో ఇద్దరున్నారు. అది ఎందుకు దాచారు?"

బర్నరు చేతిలోంచి జారింది. తీసి పక్కన పెట్టాడు.

"మొదట దాచలేదే. మొదట నాకే తెలియదు," అన్నాడు. "ఇస్త్రీ సార్ ఫోన్ చేసి, ఏదో ఒక సీటు చూసి రోజుకెన్ని వస్తున్నాయో చెప్పమన్నాడు. నేను మిషను కింద పడుకుని ఉన్నాను. గోడవార సీటు. కింద నుంచి నాకు కనబడేది బుట్ట ఒక్కటే. టపటపా పడుతున్నాయి. పడ్డవి పడ్డట్టు లెక్కపెట్టి సాయంత్రం ఫోన్లో చెప్పేశాను. మూడో రోజు బల్ల అవతలికి తల పెడితే, నేల మీద ఇంకో మనిషి కూర్చుని ముళ్ళు వేస్తోంది. ఎడమచేత్తో. పక్కన చీపురు."

"చీపురా?"

"ఆ సీటామెకు చెల్లెలు. అక్కడి మెకానిక్కుకు మన భాష నాలుగు ముక్కలు వచ్చు, తర్వాత చెప్పాడు. రిజిస్టర్లో ఊడ్చే మనిషి. గుడ్డ ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. ఆ వరుసలో చివర ఒకావిడ ఉంది, అత్తయ్య వయసు. చేతులు వణుకుతాయి. రోజుకు తొంభై కూడా రావు. ఇంకొకామె నిండు చూలాలు. ఆ ఇద్దరి లోటు నిండకపోతే పదిమందికీ కోత పడుతుంది. అందుకని ఊడ్చడం అయిపోగానే ఈమె వచ్చి కూర్చుంటుంది. వరుసంతటికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పరు."

"మిమ్మల్ని చూసి?"

"చెల్లెలు చీపురు అందుకుంది. అక్క లేచి నా ఎదురుగా నిలబడింది. వాళ్ళ భాష నాకు రాదు. వేలితో చెల్లెల్ని చూపించింది. ఆ చివరావిడను చూపించింది. ఆ వేలే పెదాల మీద పెట్టుకుంది. దానికి భాషెందుకు? తలూపి వచ్చేశాను. ఒక్క అంకె, పోనీలే అనుకున్నాను. అది సముద్రం దాటొచ్చి మన గోడెక్కుతుందని అనుకోలేదు."

"ఎక్కినప్పుడైనా చెప్పొచ్చుగా?"

"ఏమని? ఇక్కడ కాగితం చింపితే అక్కడ చీపురు పోతుంది. ఆ వెనకే వరుస పోతుంది. పెద్ద సారు ఒక్క ఫోన్ చేస్తే చాలు."

"అక్కడి అత్తయ్యను కాపాడి, ఇక్కడి అత్తయ్య వేలు తీశారు," అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "రేపు నేను గొడుగు చూపిస్తాను. నాకు ఆ అక్కాచెల్లెళ్ళు ఏమవుతారని?"

తెర కదిలింది. అమ్మ కట్టు కట్టిన వేలు గాల్లోకి ఎత్తిపట్టుకుని వచ్చి గడప మీద కూర్చుంది. అంతా వింది.

"ఆ చివరావిడకు ఎన్నన్నావు బాబూ?"

"తొంభై అత్తయ్యా."

"నాకంటే అరవై తక్కువ." ఆమె ముఖంలో ఆ పరిస్థితిలో కూడా చిన్న గర్వం కనిపించింది. తర్వాత అది పోయింది. "తొంభై కుట్టేదాన్ని కూర్చోబెట్టుకున్నారు చూశావా. వాళ్ళది వరుస. నిజంగానే వరుస కలుపుకున్నారు. మనది సీటు. ఎవరి సీటు వాళ్ళది."

"అమ్మా, నీ సీటు పోతుంది."

"గొడుగు చూపించి నిలబెడతానంటావు, నిలబెట్టు. కూర్చోవలసింది నేను కదా. నాకక్కడ కుదురుగా ఉండాలి కదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళిద్దరికీ మంచితనం పంచుకోవడానికి నా ఇల్లే దొరికిందా అనుకున్నాను. మా ఆయన బర్నరు భాగాలు ఒక్కొక్కటీ తుడిచి, వరుసగా పెట్టి, మళ్ళీ బిగించాడు.

"రేపు నేనే చెప్తాను," అన్నాడు.

"ఏమని?"

ఆయన స్టవ్వు ముందుకు లాక్కున్నాడు. అగ్గిపుల్ల గీసి స్టవ్వు వెలిగించి చూశాడు. మంట నీలంగా, సమంగా వచ్చింది.

*

సోమవారం గంట కొట్టక ముందే హాల్లోకి వెళ్ళాను. మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. స్టూలెక్కి గొడుగు దించాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కిటికీలోంచి ఎండ నా పాదాల దాకా వచ్చింది.

తర్వాత కత్తెర తీశాను. ఎడమకు తిరిగిన నాలుగు ముళ్ళూ తెంపాను. దారం ఎక్కించుకుని, కుడికి తిప్పుతూ మళ్ళీ కట్టాను. నా అలవాటు నాలుగు కాదు, మిగతా ముళ్ళకున్నట్టే మూడే చుట్లు. రెండు నిమిషాల పని.

తల ఎత్తేసరికి ఎదురుగా అమ్మ నిలబడి ఉంది. కొత్త దారం కొసలు రెండు పొడుగ్గా ఉన్నాయి. మంచి చేత్తో కత్తెర అందుకుని ఆ కొసలు కత్తిరించింది. తన సీటు దగ్గరికి వెళ్ళి మిషను మీది గుడ్డ మడిచి పెట్టింది.

పదింటికి పెద్ద సారు వచ్చాడు. పొట్టి మనిషి, ముసలివాడు. కుర్రతనంలో తనూ కొనలు కట్టినవాడేనట, వేళ్ళ మీద దారం కోతల మచ్చలున్నాయి. మిషన్లు ఆపించారు. ఇస్త్రీ సార్ జేబులోంచి జాబితా అసలు ప్రతి తీశాడు.

"తొమ్మిది," అని చదివాడు.

అమ్మ లేచి నిలబడింది.

"పదిహేడు..."

"ఒక్క నిమిషం సార్," అన్నాడు మా ఆయన. మూల నుంచి నడిచొచ్చి పనిముట్ల సంచి వాళ్ళ ముందు బల్ల మీద పెట్టాడు. తాళంచెవి తీసి దాని మీద పెట్టాడు. "ఆ గోడ మీద ఉన్న అంకె తప్పు. తెచ్చినవాణ్ణి నేనే."

ఇస్త్రీ సార్ చొక్కా మొదటిసారి చంకల కింద తడిసింది. "ఏం వాగుతున్నావ్?"

"తప్పంటే ఎలా తప్పు?" అన్నాడు పెద్ద సారు. ఆయన గొంతు మెత్తగా ఉంది. అందుకే ఇంకా భయం వేసింది. "నాకు అక్కడి వరుసల మీద వేరే అనుమానం ఉంది. లెక్కలో లేని చేతులు గుడ్డ మీద పడుతున్నాయని. ఆ సీట్లో ఇంకెవరైనా ఉన్నారా? నిజం చెప్పు. నీకేం కాదు, నీ ఉద్యోగం నీకుంటుంది."

మా ఆయన ఏదో అనేలోపే ఆయన గొడుగు దించమన్నాడు. ఇస్త్రీ సార్ దించి ఇచ్చాడు. ముసలాయన కళ్ళు మూసుకుని కొనల మీద బొటనవేలు పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదో ముడి దగ్గర కాసేపు ఆగాడు. రేడియో నా మోచెయ్యి పట్టుకుంది. ఎందుకో ఆవిడకు తెలియదు, నేను బల్ల అంచు పట్టుకోవడం చూసి పట్టుకుంది. ఆరు. ఏడు. ఎనిమిది.

"ఒకే చెయ్యి," అన్నాడు కళ్ళు తెరిచి. మా ఆయన నా వైపు చూశాడు. చూసింది ఒక్క క్షణమే. "మరి నీ తప్పేమిటి?"

మా ఆయన చేతులు కట్టుకోలేదు, తల దించలేదు. మిషను ఎక్కడ చెడిందో చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"నేను మిషను కింద పడుకుని లెక్కపెట్టాను సార్. పైకి లేచి చూడలేదు, బద్ధకం. అక్కడ రెండు సీట్ల గొడుగులు పక్కపక్కనే పడతాయి. రెండూ ఒక సీటువే అనుకుని రెండొందల తొంభై అని ఫోన్లో చెప్పేశాను. సీటుకు నూట నలభై ఐదే. మన వాళ్ళకంటే తక్కువే. మూడో రోజే నాకు తెలిసింది. చెబితే నా పరువు పోతుందని ఊరుకున్నాను. ఇక్కడ కాగితం అంటించినప్పుడూ ఊరుకున్నాను, లెక్క పెంచినప్పుడూ ఊరుకున్నాను. తొమ్మిదో సీటు పుల్లీ మార్చిందీ నేనే. ఆవిడ వేలికి సూది దిగింది నా వల్లే. సంచిలో సామానంతా ఉంది, లెక్క చూసుకోండి. ఉద్యోగం ఉంచుతానన్నారు, వద్దు సార్. మీరడిగినదానికి జవాబు ఒక్కటే. ఆ సీట్లో ఇంకెవరూ లేరు. ఒక్కతే కూర్చుంటుంది. ఒక్క మనిషి ఎన్ని కుట్టగలదో అన్నే కుడుతుంది."